బట్టీ వ్యాసాలతో బ్యాండ్ రాదు

సంపాదకులకు,

నగరంలో చాలా కోచింగ్ సెంటర్లు విదేశీ చదువులకు రాసే ఇంగ్లిష్ పరీక్ష అయిన ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌కు ఇప్పటికీ వ్యాసాలు బట్టీ పట్టిస్తున్నాయి. ఇది పిల్లలకు చేస్తున్న అన్యాయం. కంఠతా పట్టిన వాక్యాలను పరీక్షకులు ఇట్టే గుర్తిస్తారు. అడిగినదానికి జవాబు లేకపోతే భాష ఎంత బాగున్నా మార్కులు తగ్గుతాయి.

ఉన్నది గంట సమయం. మొదటి ప్రశ్నకు కనీసం 150 పదాలు, రెండోదానికి 250. రెండోదానికే రెట్టింపు మార్కులు. యూనివర్సిటీ చదువుల కోసం అకడమిక్ రకం పరీక్ష రాసేవాళ్లు మొదటి ప్రశ్నలోని గ్రాఫు దగ్గరే అరగంట గడిపేసి, అసలు వ్యాసం సగంలో వదిలేస్తున్నారు. గ్రాఫుకు 20 నిమిషాలు చాలు.

మరొకటి. మొత్తం బ్యాండ్ (స్కోరు) 7 వచ్చినా రైటింగ్‌లో 5.5 ఉంటే చాలా యూనివర్సిటీలు ఒప్పుకోవు. ఫీజు కట్టేముందే విభాగాలవారీ కనీస బ్యాండ్ చూసుకోవాలి. స్కోరు చెల్లేది రెండేళ్లే కాబట్టి, బీటెక్ రెండో ఏడాదిలోనే పరీక్ష రాయించవద్దని తల్లిదండ్రులకు మనవి.

– ఒక ఇంగ్లిష్ అధ్యాపకుడు, హైదరాబాద్