గురువు గారి ఫొటో సరే, శిష్యులేరీ?

సంపాదకులకు,

రెండు వారాల కిందట మీరు వేసిన గుర్‌దేవ్ సింగ్ ఖుష్ గారి వార్త గురించే ఈ ఉత్తరం. అప్పుడే రాయాల్సింది, కళ్లజోడు విరిగి ఆలస్యమైంది. పంజాబ్‌లో పుట్టి, 1967లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో చేరి, ఐఆర్ 36, ఐఆర్ 64 లాంటి వంగడాలు తీసి, 1996లో ప్రపంచ ఆహార బహుమతి అందుకున్న మనిషి. ఆయన ఫొటో వేశారు, సంతోషం. చివర్లో మాత్రం 'ఎందరో ఫిలిప్పినో యువ పరిశోధకులను తీర్చిదిద్దారు' అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకున్నారు. ఆ ఎందరిలో ఒక్కరి పేరైనా మీ విలేకరికి దొరకలేదా? పక్కనే ఒక హీరో గారి కొత్త కారుకు అరపేజీ ఇచ్చారు, సీట్ల రంగుతో సహా.

వ్యవసాయ శాఖ తరఫున ట్రైనింగ్‌కని 1986లో నాలుగు నెలలు నేనా వరి సంస్థలో ఉన్నాను. మొదటిరోజు కుర్రాళ్లంతా 'గుడ్ మార్నింగ్ పో' అంటుంటే పొమ్మంటున్నారేమో అనుకుని బిక్కచచ్చిపోయాను. 'పో' అంటే వాళ్లకు మన 'అండీ' అట!

ఒక మధ్యాహ్నం ఒక ఫిలిప్పినో అమ్మాయి కంకి పట్టుకుని సంకరానికి సిద్ధం చేస్తోంది. వరి పువ్వు కొన కత్తిరించి లోపలి కేసరాలు ఆరూ తీసేయాలి, ఒక్కటి మిగిలినా పని చెడినట్టే. ఆ అమ్మాయి అయిదే తీసింది. పెద్ద సైంటిస్టు పక్కనే కుండీల మధ్య గొంతుక్కూర్చుని 'ఇంకోటుంది, చూడు' అన్నాడు, అంతే. కవరు తొడిగాక ట్యాగ్ మీద ఆ అమ్మాయి పొడి అక్షరాలే రాయించాడు, తనవి కాదు. నేను మళ్లీ మళ్లీ చూశాను ఆ ట్యాగ్‌ని.

ఖుష్ గారు రిటైరయ్యాక కూడా అక్కడ పని చేసినవాళ్ల పేరే ముందు పెట్టే ఆ పద్ధతి పోలేదు. మన మారుటేరులో పుట్టిన వరి వంగడం స్వర్ణనే తీసుకోండి. నీట మునిగితే కుళ్లిపోయే స్వర్ణకు ముంపు తట్టుకునే సబ్1 జన్యువును ఎక్కించింది అక్కడే, డేవిడ్ మెకిల్ అనే శాస్త్రవేత్త బృందం. ఆ పని మీద 2007లో వచ్చిన పరిశోధన పత్రంలో మొదటి పేరు హైదరాబాద్ వరి పరిశోధన సంస్థకు చెందిన నీరజ గారిది. ఆ తర్వాత వరసలో పాంప్లోనా, వెర్గారా, సాంచెజ్ లాంటి ఫిలిప్పినో పేర్లు. బృందాన్ని నడిపిన మెకిల్ పేరు అన్నిటికన్నా చివర. 2009లో మన దేశంలో విడుదలైన స్వర్ణ సబ్1, పది పన్నెండు రోజులు నీళ్లలో ఉన్నా మళ్లీ లేస్తుంది. గోదావరి జిల్లాల్లో వరదొచ్చినప్పుడల్లా ఆ పేర్లు గుర్తుకొస్తాయి నాకు.

ఇక్కడి సంగతి చెబితే కడుపు మంట. మా మేనల్లుడు ఒక చోట పీహెచ్‌డీ చేశాడు, ఎక్కడో చెప్పను, వాడికింకా ఉద్యోగం రావాలి. మొదటి ఏడాది నేర్చుకున్నదల్లా గైడ్ గారి అబ్బాయిని స్కూల్లో దించడం, గ్యాస్ బుక్ చేయడం. రెండేళ్లు ఎండలో పడి తీసిన లెక్కలు పేపరుగా వచ్చాయి. అందులో గైడ్ గారున్నారు, గైడ్ గారి పైఅధికారి ఉన్నారు, ఆ పొలం ఎటు ఉందో తెలియని మరో పెద్దమనిషీ ఉన్నారు. మావాడు లేడు! అడిగితే 'థీసిస్ ఉందిగా నీకు' అన్నారట. ఫైలు కదలాలంటే చెయ్యి తడపాలి, ట్రాక్టరుకు డీజిల్ శాంక్షన్ కావాలంటే మూడు సంతకాలు. మంత్రిగారు వచ్చినరోజు మాత్రం గట్లన్నిటికీ సున్నం. సున్నానికి ఏ శాంక్షనూ అక్కర్లేదు కాబోలు.

ఇంకొకటి. ఆ వరి సంస్థ ఉన్న ఊరు లాస్ బాన్యోస్ మనీలాలో ఉందని రాశారు. లేదు. అది లగూనా ప్రావిన్స్‌లో ఉంది, మనీలా నుంచి దక్షిణానికి అరవై కిలోమీటర్ల పైమాటే. నేను బస్సులో వెళ్లినవాణ్ని. సవరణ వేయండి, చిన్న అక్షరాల్లోనైనా.

– ఒక రిటైర్డ్ వ్యవసాయ శాఖ ఉద్యోగి, తెనాలి