అక్షరం పేరు కాదు, ముందు ధ్వని

సంపాదకులకు,

ఇంగ్లీషు చదవడం మొదలుపెట్టిన పిల్లలచేత ఏ, ఈ, ఐ, ఓ, యు అని అక్షరాల పేర్లు వల్లె వేయించి, ఇక చదవమంటే ఎలా చదువుతారు? మా అమ్మాయి ‘క్యాట్’ అన్న మాట కింద వేలు పెట్టి, ‘సీ, ఏ, టీ’ అని కూడబలుక్కుని, ‘సీయేటీ’ అంటూ నా మొహంలోకి చూసింది. తప్పు తనది కాదు. ఇంగ్లీషులో అచ్చు అక్షరాలు 5 ఉన్నా, అచ్చు ధ్వనులు 20 దాకా ఉన్నాయి. ‘క్యాప్’ చివర ‘ఈ’ అక్షరం చేరితే ‘కేప్’ అవుతుంది. ఆ చేరిన అక్షరం మాత్రం పలకదు. ఈ మెలిక ఎవరో ఒకరు విప్పి చెప్పాలి కదా! ముందు హ్రస్వాచ్చుల ధ్వనులు నేర్పి, హల్లులతో కలిపి పలికించాలి. ‘పిన్’కీ ‘పెన్’కీ తేడా చెవికి పట్టేదాకా ఆగాలి. బొమ్మ చూసి మాట ఊహిస్తే చదవడం వచ్చేసిందనుకోవద్దని ఉపాధ్యాయులను వేడుకుంటున్నాను.

– ఒక తల్లి