పాత బొలెరోకు రూ.7,897, కొత్త బొలెరోకు రూ.3,416: గడ్కరీ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ మంత్రి శ్రీ నితిన్ గడ్కరీ గారికి,

నమస్కారాలు. నేను సూర్యాపేటలో బండ్ల ఇన్సూరెన్సు రాసుకుని బతికే ఏజెంటును. ఇరవై ఒక్కేళ్లుగా ఇదే పని. మా షాపు ముందు సర్వీసు రోడ్డు, అది దాటితే హైదరాబాద్–విజయవాడ హైవే. సంక్రాంతికి పంతంగి టోల్ గేటు దగ్గర ఆగి ఆగి వచ్చిన బండ్లన్నీ ఆ కసినంతా మా ఊరి దగ్గర తీర్చుకుంటాయి. కాబట్టి రోడ్డు గురించి నాకు తెలిసింది పాలసీ కాగితాల్లోంచి కొంత, షాపు మెట్ల మీద నిలబడి చూసింది కొంత.

నా దగ్గర పాలసీ తీసుకునే రైతు ఒకాయనకు రెండు బొలెరోలున్నాయి. ఒకటి పాతది, 2523 సీసీ ఇంజిను. రెండోది కొడుకు కోసం తర్వాత కొన్నది, 1493 సీసీ. పోయిన ఏడాది రెండింటినీ మా షాపు ముందు పక్కపక్కనే ఆపి రెన్యువల్ చేయమన్నాడు. అదే ఎత్తు, అదే నిటారు మూతి. పొడవులో అరజానెడు తేడా ఉందేమో. థర్డ్ పార్టీ ప్రీమియం, అంటే మన బండి వల్ల ఎదుటివాడికి జరిగే నష్టానికి కట్టే బీమా, మాత్రం పాతదానికి రూ.7,897, కొత్తదానికి రూ.3,416. జీఎస్టీ అదనం. ఆయన రెండు కాగితాలూ చేతిలో పట్టుకుని, "అన్నా, రెండు బండ్లు ఒక్కతీర్గనే ఉన్నయ్ గద, పైసలల్ల గింత ఫరకెందుకు?" అని అడిగాడు. "ఇంజిన్ సైజును బట్టి" అన్నాను. "గుద్దేది ఇంజినా, బండా?" అన్నాడు. ఇన్నేళ్ల సర్వీసులో ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. అందుకే ఈ లేఖ.

థర్డ్ పార్టీ రేటు కంపెనీలు పెట్టేది కాదు. బీమా నియంత్రణ సంస్థతో సంప్రదించి మీ శాఖే ఖరారు చేస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పట్టిక నాకు కంఠతా వచ్చు. 1000 సీసీ లోపు కారుకు రూ.2,094. 1500 వరకు రూ.3,416. ఆపైన ఏదైనా రూ.7,897. అంతే, ఇంకో గడి లేదు. 1817 సీసీ ఇంజిను పెట్టిన పాత అంబాసిడర్‌ను ఎవరైనా ముచ్చటపడి ఇంట్లో ఉంచుకుంటే దానికీ రూ.7,897. రెండు టన్నులు దాటిన 2755 సీసీ ఫార్చ్యూనర్‌కూ అంతే. నేలకు ఆనుకుని పోయే హోండా సిటీకి రూ.3,416, దానికంటే ఎత్తుగా, నిటారు మూతితో ఉండే క్రెటాకూ రూ.3,416. ఎందుకంటే రెండింటి ఇంజినూ 1500కు రెండు మూడు సీసీలు తక్కువ.

ఆ గీత దగ్గరే ఇంజిన్లన్నీ ఎందుకు ఆగిపోతున్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు. నాలుగు మీటర్ల లోపు పొడవు, డీజిల్ అయితే 1500 సీసీ లోపు ఉంటే చిన్న బండి పన్ను పడుతుంది. కాబట్టి కంపెనీలు బంపర్లు కుదించి, ఇంజిన్లు తగ్గించి బండ్లు చేస్తున్నాయి. వ్యాపారం చేసేవాడి తెలివి అది, తప్పు పట్టను. కానీ పన్ను కోసం తగ్గిన ఇంజిను, పక్కవాడికి చేసే ప్రమాదం కూడా తగ్గినట్టు మా బీమా పట్టికలో నమోదవుతోంది. పైగా ఇప్పుడు టర్బో పెట్టి చిన్న ఇంజినుతోనే పెద్ద ఇంజిను చేసే పని చేయిస్తున్నారు. బండి ఎంత గట్టిగా తగులుతుందో సీసీ చూసి చెప్పే రోజులు పోయాయి.

ఇంకో వింత చూడండి. కరెంటు కార్లకు సీసీ ఉండదు కనుక కిలోవాట్లలో స్లాబులు పెట్టారు. 65 కిలోవాట్లు దాటితే రూ.6,712, అంటే రూ.7,897 మీద 15 శాతం రాయితీ. పొగ రాదు కాబట్టి ప్రోత్సాహం ఇవ్వాల్సిందే. అయితే ఆ ప్రోత్సాహం రోడ్డు పన్నులోనో ఇంకెక్కడో ఇవ్వండి. బ్యాటరీల బరువంతా కడుపులో మోసే పెద్ద ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ ఎవరికైనా తగిలితే, పొగ రాలేదని దెబ్బ తగ్గుతుందా?

పెద్ద బండి ఓనర్లు నాతో తరచూ అనే మాట ఒకటుంది: "నేను లక్ష దాకా కడుతున్నా గదా." నిజమే, కడతారు. ఆ లక్షలో సింహభాగం ఓన్ డ్యామేజీ కింద వాళ్ల సొంత రేకుకు, వాళ్ల హెడ్‌లైటుకు. ఎదుటివాడి ప్రాణం కోసం కట్టేది రూ.7,897 మాత్రమే, రోజు లెక్కన ఇరవై రెండు రూపాయలు కూడా కాదు. హైవే హోటల్లో ఒక చాయ్ ఖర్చు. ఏడాదంతా క్లెయిము అడగనివాడికి ఇచ్చే తగ్గింపు, నో క్లెయిమ్ బోనస్, కూడా సొంత రేకు భాగానికే. థర్డ్ పార్టీలో జాగ్రత్తగా నడిపినవాడికీ, ఇద్దర్ని గుద్దినవాడికీ ఒకటే రేటు.

మూడేళ్ల కిందట నా కస్టమరు ఎస్‌యూవీ ఒకటి పక్క ఊరి దగ్గర రోడ్డు దాటుతున్న ఒక కూలీ ఆమెకు తగిలింది. మర్నాడు బండిని షెడ్డుకు తెస్తే, నష్టం లెక్కగట్టే బీమా సర్వేయరుతో పాటు నేనూ వెళ్లాను. బంపరు, గ్రిల్లు, కుడివైపు హెడ్‌లైటు, బానెట్ అంచు అని ఆయన ఒక్కొక్కటీ రాసుకుంటున్నాడు. గ్రిల్లు సందులో స్టీలు టిఫిను డబ్బా మూత ఇరుక్కుని ఉంది. ఆ సొట్ట ఎంత ఎత్తున ఉందో చూద్దామని దగ్గరగా నిలబడ్డాను. నేను అయిదడుగుల ఏడంగుళాలు. బానెట్ అంచు నా చివరి పక్కటెముకకు తగిలింది. ఆమె నా భుజం వరకు కూడా ఉండదని తర్వాత తెలిసింది. నాలుగో రోజు పోయింది. ఓన్ డ్యామేజీ డబ్బులు నెల తిరక్కుండానే వచ్చాయి. ఆమె కుటుంబం వేసిన కేసు ట్రిబ్యునల్లో ఇంకా నడుస్తోంది.

ఆ రోజు నుంచే బానెట్ల ఎత్తు గమనించడం మొదలుపెట్టాను. మామూలు కారు నడిచే మనిషికి తగిలితే కాళ్లకు తగులుతుంది, మనిషి బానెట్ మీదికి ఒరుగుతాడు. ఎముకలు విరిగినా బతికే అవకాశం ఉంటుంది. ఎత్తు మూతి బండి నడుముకో ఛాతీకో తగులుతుంది, మనిషిని ముందుకు తోసి చక్రాల దారిలో పడేస్తుంది. ఇది నా ఊహ కాదు. అమెరికాలో బీమా కంపెనీల డబ్బుతోనే నడిచే ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ 2023 నవంబరులో ఇదే చెప్పింది. బానెట్ ఎత్తు 40 అంగుళాలు దాటిన బండి నడిచే మనిషిని గుద్దితే, 30 అంగుళాల లోపు ఉండి మూతి వాలుగా ఉన్న బండి కంటే ప్రాణం పోయే అవకాశం సుమారు 45 శాతం ఎక్కువట. బరువు సంగతి వేరు. నడిచే మనిషికి ఆల్టో అయినా కొండే. కానీ ముప్పావు టన్ను ఆల్టోకు రెండు టన్నుల బండి ఎదురొస్తే ఎవరి పక్షాన లెక్క తేలుతుందో వేరే చెప్పాలా?

మీ మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారమే 2022లో దేశంలో రోడ్డు మీద పోయిన ప్రాణాలు 1,68,491. వాళ్లలో 44.5 శాతం టూవీలర్ల మీద వెళ్తున్నవాళ్లు, 19.5 శాతం నడిచి వెళ్తున్నవాళ్లు. వీళ్లందర్నీ పెద్ద బండ్లే చంపాయని నేను అనను. లారీలున్నాయి, రాంగ్ రూటులో వచ్చే బైకులున్నాయి, మీరు వేసిన రోడ్ల మీదే దాటడానికి దారి లేని ఊళ్లున్నాయి. కానీ 2024–25లో అమ్ముడైన ప్యాసింజర్ వాహనాల్లో 65 శాతం ఎస్‌యూవీల్లాంటి యుటిలిటీ బండ్లేనని కార్ల కంపెనీల సంఘమే చెబుతోంది. రోడ్డు మీద మూతుల ఎత్తు ఏటేటా పెరుగుతోంది. 125 సీసీ బైకు వాడు మాత్రం అదే ఎత్తున కూర్చుని, అదే రూ.714 కట్టి వెళ్తున్నాడు.

లోపల కూర్చున్నవాళ్లకైనా పూర్తి భరోసా ఉందా అంటే అదీ లేదు. 2018 ఆగస్టు 29న మా ఉమ్మడి నల్గొండ జిల్లా అన్నెపర్తి దగ్గర నందమూరి హరికృష్ణ గారు పోయింది పెద్ద బండిలోనే. సీటు బెల్టు పెట్టుకోలేదు, బయటికి ఎగిరిపడ్డారు. ఎత్తైన బండి మలుపులో, డివైడరు తగిలినప్పుడు పల్టీ కొట్టే ముప్పు ఎక్కువ. "ట్యాంకు లాంటి బండి అన్నా, ఏం కాదు" అనే మాట విన్నప్పుడల్లా నాకు ఆ పొద్దున్నే గుర్తొస్తుంది.

కార్లను గుద్దించి చూసి భద్రతకు స్టార్లు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్‌ను మీరు 2023 ఆగస్టు 22న ప్రారంభించినప్పుడు సంతోషించినవాళ్లలో నేనొకణ్ని. షోరూములో జనం ఇప్పుడు మైలేజీతో పాటు స్టార్లు అడుగుతున్నారు. అయితే ఆ స్టార్లు లోపలి పెద్దలకు, లోపలి పిల్లలకు. బయటివాళ్లకు స్టార్లు లేవు. పాదచారుల రక్షణ నిబంధన ఉన్నా, ఏ బండి ఎంత మెరుగో కొనేవాడికి కనిపించే మార్కు లేదు. అయిదు స్టార్ల బండికి ముందు ఇనప గార్డు బిగించుకుని వచ్చే వాళ్లను వారానికి ఇద్దర్నయినా చూస్తాను. 2017 డిసెంబరులోనే మీ శాఖ వాటిని చట్టవిరుద్ధమంది. మా ఊళ్లో మాత్రం అరగంటలో బిగించి పంపిస్తారు.

నేను అడిగేది కొత్త పన్ను కాదు. థర్డ్ పార్టీ స్లాబుల్లోంచి సీసీని తీసేసి బరువునూ, ముందరి మూతి ఎత్తునూ పెట్టండి. ఇదేమీ కుదరని పని కాదు. బండి ఖాళీ బరువు ప్రతి ఆర్‌సీ మీదా అచ్చై ఉంటుంది, నాకు కొత్త మెషినేమీ అక్కర్లేదు. మూతి ఎత్తు కంపెనీ అనుమతి తీసుకునేటప్పుడు ఇచ్చే డ్రాయింగుల్లో ఉంటుంది. జీఎస్టీ వాళ్లు నాలుగు మీటర్ల పొడవు, 170 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్సు అని టేపు పెట్టి కొలిచి మరీ ఎస్‌యూవీని గుర్తించారు కదా. పన్ను వసూలుకు దొరికిన టేపు ప్రాణాల లెక్కకు దొరకదా? పోనీ, ఆ పన్నూ తగ్గింది. సెస్సుతో కలిపి 50 శాతం ఉన్నది 2025 సెప్టెంబరు 22 నుంచి 40 అయింది. కొనేవాడికి లక్షల్లో మిగిలింది. అందులోంచి ఏడాదికి ఇంకో పది పన్నెండు వేలు బయటివాడి కోసం కట్టమంటే గగ్గోలు పెట్టేవాళ్లు ఉండరనుకుంటాను. ఉంటారు, ముందు నా షాపుకే వస్తారు. ఫర్వాలేదు, సర్దిచెప్పుకుంటాను. ఆ మేరకు ఆల్టో వాడికీ, బైకు వాడికీ తగ్గించండి.

ఇక్కడ నాకే చిక్కు ఉన్న మాట ఒకటుంది. బొలెరో రైతుకు సరదా కాదు. పొద్దున పాల క్యాన్లు, మధ్యాహ్నం ఎరువు బస్తాలు, రాత్రి పూట పురిటి నొప్పులొస్తే అదే అంబులెన్సు. బరువూ మూతీ చూసి రేటు పెడితే ఆయన మీదా పడుతుంది. హైదరాబాద్‌లో పిల్లల్ని స్కూలు దగ్గర దింపడానికి వాడే రెండు టన్నుల బండినీ దీన్నీ ఒకే గాటన కట్టడం నాకు ఇష్టం లేదు. ఏ గీత గీస్తే ఇద్దరికీ న్యాయమో నాకు తోచలేదు. మీ దగ్గర లెక్కలు తెలిసిన అధికారులున్నారు.

ఆ లెక్కలకు ఢిల్లీలో వెతకాల్సిన పని కూడా లేదు. బీమా నియంత్రణ సంస్థ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. కంపెనీలన్నీ పంపే క్లెయిముల వివరాలు పోగుచేసే ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో కూడా ఇక్కడే. బండి నంబరుంటే మోడలు తెలుస్తుంది, మోడలుంటే బరువు తెలుస్తుంది. ఏ బరువు బండి వల్ల ఎన్ని మరణాల క్లెయిములు వచ్చాయో, ఎంత చెల్లించారో ఒక్కసారి బయటపెట్టమనండి. ఎత్తు మూతి బండికీ మామూలు కారుకూ తేడా లేదని అందులో తేలితే, నా లేఖను చించి పారేయండి.

ఈలోగా చిన్న ఇబ్బంది. ఆ రెండు బొలెరోల రెన్యువల్ వచ్చే నెలలో ఉంది. పాతదానికి రూ.7,897, కొత్తదానికి రూ.3,416 అనే రాస్తాను, రాయక తప్పదు. ఆయన మళ్లీ గుద్దేది ఇంజినా బండా అని అడుగుతాడు. మీ శాఖ తరఫున ఏం చెప్పమంటారో ఒక ముక్క రాసి పంపిస్తే, కాగితం ఆయన చేతికే ఇస్తాను.

ఇట్లు,
సూర్యాపేట నుంచి
ఒక మోటారు బీమా ఏజెంటు