సన్నబియ్యానికి తోడు పప్పు, ఇంటి నూనెకు ఒక కొలత: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

వంటనూనె వాడకం 10 శాతం తగ్గించమని 2025 ఫిబ్రవరి 'మన్ కీ బాత్'లో ప్రధానమంత్రి దేశప్రజలను కోరారు. మంచి మాటే. కానీ హైదరాబాద్‌లో ఏ తలుపు తట్టి "నెలకు ఎంత నూనె పడుతుందమ్మా?" అని అడిగినా, "అయిపోతే తెప్పిస్తం" అన్నదే జవాబు. పది తగ్గించాలంటే ముందు నూరు ఎంతో తెలియాలి కదా! ఊబకాయం మీద మన ప్రచారమంతా ఇక్కడే జారిపోతోంది. నడవండి, యోగా చేయండి, బయటి తిండి మానండి అని చెబుతున్నాం. రోజూ రెండు పూటలా ఇంటి కుక్కర్‌లోంచి, ఇంటి మూకుడులోంచి వచ్చే తిండి లెక్క మాత్రం అడిగేవాళ్లు లేరు. ఈ లేఖ ఆ లెక్క గురించి, ఆ విషయంలో మీ శాఖ చేయగలిగిన పనుల గురించి.

ముందు పరిస్థితి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 30.1 శాతం మహిళలు, 32.3 శాతం పురుషులు అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె, 25 దాటినవారి లెక్క ఇది. మన శరీరాలకు 23 నుంచే జాగ్రత్త అవసరమని వైద్యులు చెబుతున్నారు కాబట్టి అసలు సంఖ్య ఇంకా పెద్దదే. అదే సర్వేలో మన రాష్ట్ర మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఒకే రాష్ట్రంలో, చాలాసార్లు ఒకే ఇంట్లో, పొట్ట పెరగడం, రక్తం తగ్గడం రెండూ కనిపిస్తున్నాయి. కంచంలో అన్నానికీ నూనెకూ లోటు లేకపోవడం, పప్పుకూ ఆకుకూరకూ చోటు చాలకపోవడం దీనికి పెద్ద కారణం.

ఇక రేషన్ సంగతి. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో మొదలైన సన్నబియ్యం పథకం కింద మనిషికి నెలకు 6 కిలోలు ఇస్తున్నారు. అంటే రోజుకు 200 గ్రాములు. తార్నాకలో మన ముంగిట్లోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 2000 కేలరీలు చాలే మనిషికి సూచించే ధాన్యం మొత్తం 250 గ్రాములు. అందులో బియ్యం, గోధుమలు, జొన్నలు, రవ్వ అన్నీ కలిసే ఉన్నాయి. దాదాపు ఆ కోటా అంతా రేషన్ బియ్యంతోనే నిండిపోతుంది. పొద్దున ఇడ్లీ, సాయంత్రం బిస్కెట్, రాత్రి చపాతీ దాని మీద అదనం. అదే సంస్థ పప్పు దినుసులు రోజుకు 85 గ్రాములు ఉండాలంటుంది. నలుగురున్న ఇంటికి నెలకు 10 కిలోల పైమాటే! అంత పప్పు కొనే ఇల్లు బస్తీలో ఎన్ని ఉంటాయి? సన్నబియ్యం ఇవ్వడం తప్పని మేం అనడం లేదు. దొడ్డు బియ్యం దళారుల పాలయ్యే రోజులతో పోలిస్తే పేదల కంచంలోకి నేరుగా చేరే ఈ బియ్యం మేలే. దాని పక్కన పప్పు లేకపోవడమే మా ఫిర్యాదు. ఆరు కిలోల్లో ఒక కిలో వద్దనుకునేవాళ్లకు దాని బదులు కందిపప్పో, శనగలో, పెసర్లో తీసుకునే వీలు ఇవ్వండి. పౌర సరఫరాల శాఖ మీది కాదని తెలుసు. కానీ షుగర్, బీపీ మందుల ఖర్చు మీ శాఖదే కాబట్టి ఈ మాట అక్కడ ఎత్తాల్సింది మీరే.

నూనెకు వద్దాం. అదే సంస్థ లెక్కన పెద్దవాళ్లకు రోజుకు 27 గ్రాములు చాలు, అంటే టీ చెంచాతో ఆరు. నెయ్యి, వెన్న కూడా ఇందులోకే వస్తాయి. నలుగురు పెద్దవాళ్లకు నెలకు మూడున్నర లీటర్లు, పిల్లలుంటే మూడు సరిపోతాయి. దుకాణంలో 'ప్యాకెట్' అని అడిగితే ఇచ్చేదంతా ఒక లీటరే అనుకోవద్దు. లీటరు నూనె 910 గ్రాములు తూగుతుంది. చూడ్డానికి అదే ఎత్తున్న ప్యాకెట్లు 850 గ్రాములవీ, అంతకన్నా తక్కువవీ ఉంటాయి. ప్యాకెట్లు లెక్కపెట్టేవాళ్లు అంకె చూసి లెక్కపెట్టాలి.

ఇంట్లో పనికొచ్చే పద్ధతి ఒకటే ఉంది. ఆదివారం పొద్దున ఒక సీసాలో 800 మిల్లీలీటర్ల నూనె పోసి పొయ్యి పక్కన పెట్టాలి. మళ్లీ ఆదివారం దాకా నలుగురికీ అదే. క్యాన్ అటక మీదికి పోవాలి. మొదటి వారం సీసా గురువారానికే అడుగంటుతుంది. భయపడనక్కర్లేదు, ఎందుకైపోయిందో చూసుకోవాలి. చాలా ఇళ్లలో కారణం ఒక్కరోజు పూరీలో, మిర్చి బజ్జీలో అయి ఉంటుంది. రెండో కారణం గుంటగరిటె. దాంతో నూనె పోస్తే ఒక్క వంపుకు 50 మిల్లీలీటర్లు పడిపోతుంది, 400 కేలరీలు. పోపు డబ్బాలో ఆవాల పక్కన 5 మిల్లీలీటర్ల కొలత చెంచా ఒకటి పెట్టుకుంటే ఈ తిప్పలు సగం పోతాయి. పిండివంట చేసిన రోజు మిగిలిన నూనెను వడగట్టి, ఒకటి రెండు రోజుల్లో కూరలకు వాడేయాలి. మళ్లీ కాచి వేయించకూడదు. ఆ నూనె కూడా సీసా లెక్కలోకే వస్తుందని మరిచిపోవద్దు.

నూనె తగ్గించమంటే ఇంటావిడ చెప్పే అభ్యంతరం నిజమైనదే: "కూర మాడుతుంది, రుచి రాదు." దానికి సమాధానం చెప్పకుండా పోస్టర్లు అంటించి లాభం లేదు. వంకాయ సంగతి చూడండి. దాని కండ స్పాంజిలా గాలి గదులతో ఉంటుంది. పచ్చిగా మూకుడులో వేయగానే పోసిన నూనెంతా పీల్చేసుకుంటుంది, అడుగు పొడిబారుతుంది, మళ్లీ పోస్తాం. కూర మెత్తబడ్డాక ఆ నూనె బయటికి కక్కితే "నూనె తేలింది, కూర అయింది" అంటాం. అదే ముక్కల్ని ఉప్పునీళ్లలోంచి తీసి ఇడ్లీ పాత్రలో ఐదారు నిమిషాలు ఆవిరి పడితే ఆ గదులు కుంగిపోతాయి. తర్వాత అరకిలోకు మూడు చెంచాల పోపు చాలు. గుత్తి వంకాయక్కూడా కూరడానికి ముందు నాలుగు నిమిషాల ఆవిరి పడితే ఇదే ఫలితం. దొండకాయ, కాకర కూడా సగం ఉడికాకే వేపుడుకు రావాలి.

బెండకాయ దీనికి పూర్తిగా ఎదురు. నీళ్లు తగిలితే జిగురు. కాయలు కడిగి, గుడ్డతో తుడిచి, ఆరాకే కోయాలి. వెడల్పాటి మూకుడులో మధ్యస్థంగా మంట పెట్టి, మూత లేకుండా, నూనె లేకుండా ఏడెనిమిది నిమిషాలు వేడి చేయాలి. జిగురు ఎండాక మూడు చెంచాల నూనె. ఉప్పు దించేముందు. ముందే వేస్తే నీరు ఊరి ముద్దవుతుంది, ఆ తడి పోగొట్టడానికే అందరూ నూనె మీద నూనె పోస్తారు.

ఉల్లిపాయ మసాలా మాడటం ఇంకో పెద్ద సాకు. పలుచని స్టీలు గిన్నెలో అది మాడక తప్పదు. అడుగు మందంగా ఉన్నది, ఇనుప మూకుడైతే మరీ మంచిది. ఉల్లిపాయలు వేశాక చిటికెడు ఉప్పు చల్లి మూత పెడితే వాటి నీరే ఊరుతుంది. అంటుకున్నప్పుడల్లా రెండు చెంచాల నీళ్లు చల్లి గీకాలి, ఆ గీకిన గోధుమరంగులోనే రుచి ఉంది. అల్లం వెల్లుల్లి ముద్ద ముందే వేస్తే అదే మొదట అడుగంటుతుంది కాబట్టి ఉల్లి మెత్తబడ్డాకే వేయాలి. ఇవేవీ కొత్త విద్యలు కావు. పల్లెల్లో నూనె పొదుపుగా వాడిన కాలంలో అందరికీ తెలిసినవే.

పప్పు ఎలా పెంచాలన్నది చాలామందికి అర్థం కాని విషయం. మధ్యాహ్నం పప్పులో మనిషికి 40 గ్రాములు పడాలి, అంటే నలుగురికి రైస్ కుక్కర్‌తో వచ్చిన కప్పు నిండా. మిగతా సగం పొద్దున పెసరట్టులోనో, సాయంత్రం గుడాల్లోనో రావాలి. శనగలు, బొబ్బర్లు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, వేలితో నొక్కితే చితికేదాకా ఉడికిస్తే గ్యాస్ బాధ తగ్గుతుంది. అలవాటు లేని ఇంట్లో ఒకేసారి కాకుండా రెండు వారాల్లో మెల్లగా పెంచాలి. గుడ్డు తినేవాళ్లకు గుడ్డు ఉండనే ఉంది. ఇక కూరగాయలు మనిషికి రోజుకు 400 గ్రాములు అంటే నలుగురికి కిలోన్నర పైనే, ఖర్చు పట్ల మాకూ అవగాహన ఉంది. అరకిలో కొనే ఇల్లు కిలో దగ్గరికి రావడమే మొదటి మెట్టు. ఎర్రగడ్డ, మెహదీపట్నం రైతుబజార్లలో పుంటికూర, తోటకూర, గంగవాయిలి కూర కట్టలు కట్టలుగా దొరుకుతాయి.

జొన్నల గురించి ఒక హెచ్చరిక. సాయంత్రం అయితే చాలు, వీధి చివర పెంకల మీద జొన్న రొట్టెలు కాలుస్తున్నారు, సంతోషం. కానీ జొన్నలు తింటే బరువు పెరగరనుకుంటూ నాలుగు రొట్టెలు లాగించేవాళ్లున్నారు. 100 గ్రాముల జొన్న పిండిలో కేలరీలు బియ్యంతో దాదాపు సమానం. పీచు ఎక్కువ కాబట్టి కడుపు త్వరగా నిండుతుంది, అంతే. గంజి వార్చితే లావు కారన్నదీ అలాంటిదే. కాస్త పిండి పోయేమాట నిజమే, దాంతోపాటు బి విటమిన్లూ పోతాయి. అసలు దిద్దుకోవాల్సింది మనిషికో కప్పు బియ్యం పోసే అలవాటును. ఒక కుక్కర్ కప్పు 150 గ్రాములు. రెండు పూటలకు 300 అయింది, టిఫిన్ ఇంకా లెక్కకు రాలేదు.

చక్కెర గురించి పొడుగ్గా చెప్పక్కర్లేదు. రోజుకు 25 గ్రాములు దాటొద్దంటారు. చెంచాన్నర వేసిన చాయ్ నాలుగుసార్లు తాగితే ఆ కోటా అయిపోయినట్టే, ఉస్మానియా బిస్కెట్ వేరే. 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్ ఒక్కటే 30 గ్రాములు దాటిపోతుంది.

ఇంట్లో ఒకరికి బరువు పెరిగితే వాళ్లకు వేరే వంట మొదలుపెడతారు. ఓట్స్, ఉడకబెట్టిన కూరలు. మూడు వారాలు నడిచి ఆగిపోతుంది, ఎందుకంటే వండే మనిషి ఒక్కతే. అందరికీ ఒకటే గంజు, అంటే ఒకే వంట గిన్నె, ఉండాలి. దాంట్లోనే మార్పు రావాలి. కంచంలో ముందు కూర, పప్పు పడి తర్వాత అన్నం పడాలి. రాత్రి మిగిలింది పారేయలేక తల్లి తినేసే అలవాటుకు మందు తక్కువ వండటమే. పిల్లలకు మాత్రం 'డైట్' వద్దు. రెండేళ్లలోపు వారికి నూనె, నెయ్యి తగ్గించనే కూడదు. పెద్ద పిల్లలు ఎత్తు పెరుగుతుంటే బరువు ఉన్నచోటే నిలబడితే చాలు. మరో మాట: ఈ బాధ్యతంతా ఆడవాళ్ల మీద పెట్టే పోస్టర్లు దయచేసి వేయించకండి. చాలా ఇళ్లలో సరుకులు తెచ్చేదీ, ఆదివారం బిర్యానీ ఆర్డర్ చేసేదీ మగవాళ్లే.

మీ శాఖ చేతిలోనే ఉన్న పని ఒకటుంది. 30 ఏళ్లు దాటినవారికి ఆశా కార్యకర్తలు నింపే ఫారంలో నడుము కొలత గడి ఇప్పటికే ఉంది. మహిళలకు 80, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటితే జబ్బు ముప్పును చెప్పే మార్కులు పెరుగుతాయి. ఆ కొలత సరిగ్గా పడటం లేదు. చీర కుచ్చిళ్ల మీదుగా టేపు చుడితే రెండు మూడు సెంటీమీటర్లు అదనంగా వస్తుంది, ప్యాంటు బెల్టు దగ్గర కొలిస్తే వేలాడే పొట్ట తప్పించుకుంటుంది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యలో, గాలి మామూలుగా వదిలాక, టేపు నేలకు సమాంతరంగా ఉండాలి. ఇది నేర్పడానికి ఒక పూట శిక్షణ చాలు. అంతకన్నా ముఖ్యం, గీత దాటినవారికి తర్వాత ఏం చెప్పాలన్నది. బస్తీ దవాఖానాలో బీపీ, షుగర్ చూసి మాత్రలిస్తున్నారు. ఆ మందుల చీటీ వెనకే మూడు గడులు అచ్చు వేయించండి: ఇంట్లో ఎంతమంది, నెలకు ఎన్ని గ్రాముల నూనె, ఎన్ని కిలోల పప్పు. మందులకు మళ్లీ వచ్చినప్పుడు నర్సు ఆ మూడూ అడిగి రాయాలి. రెండు నిమిషాల పని. చీటీతోపాటు ఒక కొలత చెంచా కూడా చేతిలో పెడితే ఆ అంకె దానంతటదే కదులుతుంది.

బడి గేటు నుంచి 50 మీటర్లలోపు కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్న తినుబండారాలు అమ్మకూడదని 2020లోనే ఆహార భద్రతా నిబంధనలు వచ్చాయి. నగరంలో ఏ బడి ముందైనా మధ్యాహ్నం గంట కొట్టాక నిలబడి చూడండి. పచ్చి గుడ్డుతో చేసే మయొనైజ్‌ను 2024 అక్టోబరులో ఏడాదిపాటు నిషేధించింది ఈ ప్రభుత్వమే కదా. అంత చురుకుదనం ఇక్కడా కావాలి. బజ్జీల బండ్ల దగ్గర నూనె పాడయిందో లేదో చెప్పే మీటర్లున్నాయి, మళ్లీ మళ్లీ కాచిన నూనెలో పెరిగే ధ్రువ పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదు. ఆ తనిఖీలు పెద్ద హోటళ్లతో ఆగకుండా సాయంత్రం పూట బండ్ల దాకా రావాలి, జరిమానా కన్నా ముందు నూనె మార్చే పద్ధతి నేర్పుతూ.

ఇవన్నీ ఒకేసారి రాష్ట్రమంతా చేయమని అడగడం లేదు. పాతబస్తీలో ఒకటి, కూకట్‌పల్లి వైపు ఒకటి, రెండు బస్తీ దవాఖానాలు, వాటి పరిధిలోని రేషన్ దుకాణాలు తీసుకోండి. ఆరు నెలలపాటు కిలో బియ్యం బదులు పప్పు కోరుకునే వీలు, చీటీ వెనక మూడు గడులు, సరిగ్గా తీసిన నడుము కొలత నడిపించండి. మొదటి నెల అంకెలనూ, ఆరో నెల అంకెలనూ పక్కపక్కన పెట్టి ప్రజలకు చూపించండి. శిక్షణకూ, చీటీ నమూనాకూ మా సమయం ఉచితంగా ఇస్తాం.

ఇట్లు,
నగరంలో ఆహారం, పోషణ రంగాల్లో పనిచేస్తున్న కొందరు,
హైదరాబాద్