ఆరోగ్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ: బరువు తగ్గినందుకు మమ్మల్ని అనర్హులను చేయకండి

గౌరవనీయులైన ఆరోగ్యశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. బరువు తగ్గించే ఇంజెక్షన్ల పథకం గురించి మీ కార్యాలయానికి ఇంతకుముందే మూడు ఉత్తరాలు రాశాను. మూడూ అందినట్టు రసీదులు నా దగ్గర ఉన్నాయి. జవాబు మాత్రం ఒక్కదానికీ రాలేదు. అందుకే ఈ నాలుగోది నలుగురూ చదివేలా రాస్తున్నాను. ఇలా రాయాల్సి వచ్చినందుకు బాధగానే ఉంది.

పథకం నిబంధన మీకు తెలిసిందే: బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువు ఎంత ఉందో చెప్పే అంకె, 30 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నవాళ్లకే ఇంజెక్షన్. కాబట్టి నేరుగా నా విషయానికి వస్తాను. నా ఎత్తు 160 సెంటీమీటర్లు. దరఖాస్తు పెట్టిన రోజు నా బరువు 79 కిలోలు, బీఎంఐ 30.9. ఆ రోజు లెక్క ప్రకారం నేను అర్హురాలినే. అయితే ఇంజెక్షన్ ఇవ్వాలంటే ముందు ఆరు నెలలు తిండి తగ్గించి, వ్యాయామం చేసి, ఆ రికార్డు తెచ్చి చూపించాలన్నారు. అందులో నాకు తప్పేమీ కనిపించలేదు. మందు కంటే ముందు మన ప్రయత్నం మనం చేయాలి కదా అనుకున్నాను. చేశాను.

దానికోసం ఒక లావుపాటి నోట్‌బుక్ కొని పేజీ పేజీకీ స్కేలు పెట్టి గడులు గీసుకున్నాను. తేదీ, పొద్దున్నే బరువు, నడిచిన నిమిషాలు, రాత్రి ఎన్నింటికి తిన్నాను, ఎంత తిన్నాను. మోకాలు పట్టేసిన రోజున నిమిషాల గడిలో అంకె పక్కన ‘మోకాలు’ అని రాసుకునేదాన్ని, కానీ గడి ఖాళీగా వదల్లేదు. ఒళ్లు వెచ్చబడి మంచం దిగలేని నాలుగు రోజులు మాత్రం సున్నా వేశాను. ఆ నాలుగు సున్నాలూ అలాగే ఉంచాను, దిద్దలేదు. ఆరో నెల చివరి పేజీలో బరువు 73 కిలోలు. ఆరు కిలోలు తగ్గానండి. ఇంట్లో అందరూ సంతోషపడ్డారు. ఇక ఇంజెక్షన్ మొదలుపెడితే మిగతాది కూడా తగ్గుతుంది, బీపీ మాత్రలు తగ్గుతాయి అని నేనూ ఆశపడ్డాను.

ఆ నోట్‌బుక్ పట్టుకుని వెళ్తే కౌంటర్ దగ్గర చెప్పులు తీసి మెషీన్ ఎక్కమన్నారు. 73.0 అని పడింది. అక్కడి అబ్బాయి కంప్యూటర్‌లో కొట్టాడు. 28.5 వచ్చింది. నేను నోట్‌బుక్ ముందుకు జరిపాను. అతను దాని అట్ట మీద చెయ్యి పెట్టాడు గానీ తెరవలేదు. “30 లోపు వచ్చింది మేడం, మీకు రాదు” అన్నాడు. నాకు అర్థం కాక, “మరి నన్నేం చేయమంటారు?” అని అడిగాను. “ఇంకో నాలుగు కిలోలు పెరిగితే వస్తుంది, అప్పుడు రండి” అన్నాడు.

అతను వెటకారంగా అనలేదు మంత్రి గారూ. నాకు సాయం చేద్దామనే, ఉన్న రూలు ఉన్నట్టు చెప్పాడు. ఆ అబ్బాయి మీద నాకు ఏ కోపమూ లేదు. ఆ మాట చెప్పక తప్పని స్థితిలో అతన్ని కూర్చోబెట్టిన నిబంధన మీదే నా కోపమంతా. ఆరు నెలలు ప్రయత్నించమన్నదీ మీరే. ప్రయత్నం ఫలించింది కాబట్టి ఫైలు మూసేసిందీ మీరే. ఆ ఆరు నెలలూ నేను నోట్‌బుక్‌లో దొంగ లెక్కలు రాసి, ఇంట్లో కదలకుండా కూర్చుని ఉంటే ఈపాటికి నాకు మందు అందేది. మూడు ఉత్తరాల్లోనూ నేను ముఖ్యంగా రాసింది ఈ మాటే.

30 లోపుకు వచ్చాను కదా, జబ్బులు పోయి ఉంటాయి అనుకుంటారేమో. పోలేదు. బీపీకి రెండు మాత్రలు వేసుకుంటున్నాను. మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.3 వచ్చింది. 6.5 చేరితే షుగర్ వచ్చినట్టే. రాత్రి నిద్రలో ఊపిరి ఆగిపోతోందని మెషీన్ పెట్టారు. పొద్దున లేచేసరికి ముక్కుకు రెండు పక్కలా మాస్క్ పట్టీల గుర్తులు ఎర్రగా పడి ఉంటాయి, ఆఫీసుకు వెళ్లే వేళకు కూడా పోవు. నా రక్తనాళాలకు, నా ఊపిరికి 30 అనే గీత తెలియదు కదండీ.

ఇంకొంచెం గట్టిగా ప్రయత్నించొచ్చు కదా అని చాలామంది సలహా ఇస్తారు. తగ్గిన ఒళ్లు ఊరికే ఉండదు. పోయిన బరువును వెనక్కి తెచ్చుకోవాలని చూస్తుంది. ఆకలి పుట్టించే హార్మోన్ పెరుగుతుంది, కడుపు నిండిందని చెప్పే హార్మోన్లు తగ్గుతాయి. తిండి బాగా తగ్గించి బరువు తగ్గినవాళ్లలో ఏడాది గడిచాక కూడా ఈ మార్పులు అలాగే ఉన్నాయని 2011లోనే ఒక పరిశోధనలో చూశారు. ఇది మా డాక్టరు గారు చెబితే నాకు ఏడుపొచ్చింది. రాత్రి పదింటికి వంటింటి తలుపు దగ్గర నిలబడి నన్ను నేను తిట్టుకున్న రోజులు ఎన్నో. అదంతా నా బుద్ధిలేనితనం అనుకున్నాను ఇన్నాళ్లూ. ఈ ఇంజెక్షన్లు పనిచేసేది ఆ ఆకలి మీదే. కాబట్టి ఒకసారి తగ్గి, మళ్లీ పెరగకుండా నిలబడాలని పెనుగులాడుతున్నవాళ్లకు ఇవి అందాలి. మీరు మాత్రం సరిగ్గా వాళ్లనే వెనక్కి పంపుతున్నారు.

30 అనే అంకె మీకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఆ అంకె ఉన్న వాక్యానికి రెండో సగం కూడా ఉంది. ఈ రకం ఇంజెక్షన్లలో రెండింటిని, సెమాగ్లుటైడ్‌ను 2021లో, టిర్జెపటైడ్‌ను 2023లో, బరువు తగ్గించడానికి అమెరికాలో అనుమతించారు. రెండు సందర్భాల్లోనూ బీఎంఐ 30 ఉంటే ఇవ్వొచ్చన్నారు. ఆ వెంటనే, 27 లేదా అంతకంటే ఎక్కువ ఉండి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ లాంటి బరువుతో ముడిపడిన జబ్బు ఒక్కటైనా ఉంటే ఇవ్వొచ్చని కూడా రాశారు. సెమాగ్లుటైడ్ మీద 1,961 మందితో చేసిన పెద్ద పరిశోధనలో కూడా 27 లేదా అంతకంటే ఎక్కువ ఉండి జబ్బు ఉన్నవాళ్లను చేర్చుకున్నారు. అంటే నాలాంటివాళ్ల కోసమే ఒక వాక్యం రాసి పెట్టి ఉంది. మీ పథకంలో మొదటి సగం ఉంచి రెండో సగం ఎవరు తీసేశారు, ఎందుకు తీసేశారు? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు ఇచ్చినా చాలు.

నా వెనక లైన్లో ఒక పెద్దాయన ఉన్నారు. గుండెపోటు వచ్చి స్టెంట్ వేయించుకున్నారట. బీఎంఐ 29. ఆయన్నీ అదే మాట చెప్పి పంపేశారు. గుండె జబ్బు ఉండి, షుగర్ లేకుండా, బీఎంఐ 27 లేదా అంతకంటే ఎక్కువ ఉన్న 17,604 మంది మీద జరిగిన పరిశోధన ఫలితాలు 2023 నవంబరులో వచ్చాయి. సెమాగ్లుటైడ్ తీసుకున్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బుతో చనిపోవడం, ఈ మూడూ కలిపి చూస్తే 20 శాతం తగ్గాయి. 2024 మార్చిలో ఆ వాడకానికి అమెరికాలో విడిగా అనుమతి కూడా ఇచ్చారు. ఆ పెద్దాయనకు ఇవేవీ తెలియవు. ఫైలు చంకలో పెట్టుకుని, నా తప్పే అన్నట్టు తల వంచుకుని వెళ్లిపోయారు. నా విషయం పక్కన పెట్టినా ఆయన విషయం మీరు చూడాలి.

ఇంకో మాట. బీఎంఐ లెక్క కట్టింది క్వెట్లే అనే బెల్జియం గణాంక శాస్త్రవేత్త, 1830లలో. ఆయన డాక్టరు కాదు, ఒక్కొక్క మనిషి జబ్బును తేల్చడానికి ఆయన ఆ లెక్క కట్టలేదు. పైగా ఆసియా ప్రజల్లో తక్కువ బీఎంఐకే షుగర్, గుండె జబ్బుల ముప్పు మొదలవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ పిలిచిన నిపుణులు 2004లోనే చెప్పారు. 23 నుంచి ముప్పు పెరిగినట్టు, 27.5 నుంచి ఎక్కువగా ఉన్నట్టు చూడమన్నారు. ఆ లెక్కన 28.5 దగ్గర నేను ఎక్కువ ముప్పులోనే ఉన్నాను. 2025 జనవరిలో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ కూడా బీఎంఐ ఒక్కదాన్నే పట్టుకుని తేల్చవద్దని, నడుం చుట్టుకొలత లాంటివి చూడమని, బరువు వల్ల అవయవాలు దెబ్బతింటున్నాయా లేదా అన్నది చూడమని చెప్పింది. మీ కౌంటర్లో నా నడుం ఎవరూ కొలవలేదు. బీపీ కూడా చూడలేదు.

మందు అందరికీ సరిపోదు, ముందు బాగా జబ్బుపడినవాళ్లకు ఇవ్వాలి అంటే ఒప్పుకుంటాను. కొన్ని దేశాల్లో కొరత వచ్చి షుగర్ పేషెంట్లు ఇబ్బంది పడిన సంగతీ తెలుసు. నాకంటే ఎక్కువ అవసరం ఉన్నవాళ్ల తర్వాత నన్ను నిలబెట్టండి, ఎదురు చూస్తాను. పెళ్లికో ఫొటోకో రెండు కిలోలు తగ్గాలని అడిగేవాళ్లకు ప్రభుత్వం ఇవ్వక్కర్లేదు. వికారం, వాంతులు, పిత్తాశయంలో రాళ్లు, కండ కూడా కొంత తగ్గడం, ఇవన్నీ డాక్టరు గారు కూర్చోబెట్టి చెప్పారు. తెలిసే అడుగుతున్నాను. వరుసలో చివర నిలబెట్టడం వేరు, అసలు వరుసలోకే రానివ్వకపోవడం వేరు.

ఇంకో భయం కూడా ఉంది. ఇంజెక్షన్ మొదలుపెట్టినవాళ్లు దానితోనే 30 కిందికి వస్తే, వాళ్లకు కూడా ఇదే రూలు చూపించి ఆపేస్తారా? ఆపేశాక ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చిందని సెమాగ్లుటైడ్ పరిశోధనలోనే తేలింది. ఈ ప్రశ్న రెండో ఉత్తరంలో అడిగాను, మూడో దాంట్లో మళ్లీ అడిగాను. దయచేసి ఎవరితోనైనా జవాబు రాయించండి.

నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. 27 దాటి, బరువు వల్ల వచ్చిన జబ్బు ఉందని డాక్టరు రాసిచ్చినవాళ్లను పథకంలోకి తీసుకోండి. ఆరు నెలలు ప్రయత్నించమని మీరే చెప్పినప్పుడు, ప్రయత్నం మొదలుపెట్టిన రోజు బరువునే లెక్కలోకి తీసుకోండి. నడుం కొలవండి, బీపీ చూడండి. ఆ పెద్దాయన లాంటివాళ్ల ఫైళ్లను మళ్లీ తెరిపించండి. మీరు ఒక్క సర్క్యులర్ పంపితే అయ్యే పని ఇది.

నోట్‌బుక్ ఇంకా రాస్తూనే ఉన్నాను. నడక మానలేదు. అయినా ఈ ఉదయం నా బరువు 74.2 కిలోలు. మీ గీత చేరడానికి ఇంకా 2 కిలోల 600 గ్రాములు ఉంది. నాకు ఆ గీత దాటాలని లేదు మంత్రి గారూ. దాటేలోపే జవాబు ఇవ్వండి, మీకు దండం పెడతాను.

ఇట్లు,
మీ పథకంలో దరఖాస్తు తిరస్కరణకు గురైన ఒక మహిళ