మన అపార్ట్‌మెంట్ సంఘం వార్షిక నివేదిక: సంపు శుభ్రం, బ్యాటరీ పెట్టె

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది లిఫ్టుకు కొత్త తాళ్లు వేయించాం, డాబా మీద లీకులు పూడ్పించాం, సంక్రాంతికి ముగ్గుల పోటీ పెట్టాం. లెక్కలు నోటీసు బోర్డులో ఉన్నాయి. సంపు సంగతి మాత్రం వివరంగా చెప్పాలి.

నిరుడు సంపు కడిగిన రోజు చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒంగోలు మొత్తం సాగర్ నీళ్ల కోసం ఎదురుచూసే మే నెలలో, 40,000 లీటర్ల సంపులో సగానికి పైగా నీళ్లు డ్రైనేజీ పాలయ్యాయి. అది చాలదన్నట్టు, మోకాలి లోతు నీళ్లలో దిగిన కుర్రాడికి పంపు వైరు అతుకు దగ్గర కరెంటు కొట్టింది. పైనున్నవాళ్లు వెంటనే ప్లగ్గు పీకబట్టి బతికాడు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. ఇక మన సంపులోకి మనిషి దిగకూడదు, 230 వోల్టుల వైరు కూడా దిగకూడదు అని కమిటీలో తీర్మానించాం.

నీళ్లు తీయకుండానే అడుగున పేరుకున్న మట్టిని పీల్చే యంత్రం కొన్నాం. పొడవాటి కర్రతో పైనుంచే నడపొచ్చు. 24 వోల్టుల డీసీ (బ్యాటరీ ఇచ్చే రకం కరెంటు), 300 వాట్లు. మనుషులుండే ఈతకొలను నీళ్లలో డీసీ 30 వోల్టులు దాటకూడదని అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దాన్నే మనమూ కొలతగా పెట్టుకున్నాం.

దీనికి కరెంటు ఎక్కణ్నుంచి అన్నదాని మీదే మూడు మీటింగులు జరిగాయి. ఇంటి ఇన్వర్టర్ చాలదా అని కొందరు అడిగారు. ఇన్వర్టర్ ఇచ్చేది మళ్లీ 230 వోల్టులే. అద్దె జనరేటర్‌దీ అదే కథ, పైగా సంపు మూత దగ్గర పొగ. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, లోపల చేరితే తెలియదు కూడా.

చివరికి బ్యాటరీకే వచ్చాం. 12 వోల్టుల 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీలు రెండు వరసగా కలిపితే 2,400 వాట్ అవర్లు, అంటే మన 300 వాట్ల యంత్రానికి 8 గంటలు. మామూలు లెడ్ బ్యాటరీలైతే మన్నిక కోసం సగమే వాడుకోవాలి, అంటే 4 గంటలు. ఒక్కోటి దాదాపు 30 కిలోలు, వాచ్‌మన్ మోయలేడు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌వి అందులో సగం బరువు కూడా ఉండవు. 80 శాతం వాడినా 6 గంటలు దాటుతుంది. ఖరీదు ఎక్కువే, అయినా అవే తీసుకుని చక్రాల పెట్టెలో బిగించాం. పెట్టె సంపు అంచుకు 2 మీటర్ల అవతలే ఉంటుంది.

మొదటిరోజు యంత్రం నీరసంగా తిరిగింది. అందరికీ టెన్షన్. చూస్తే తప్పు వైరుది. 15 మీటర్ల దూరానికి 2.5 చదరపు ఎంఎం వైరు వేశాం. తక్కువ వోల్టేజీలో కరెంటు ఎక్కువ లాగుతుంది కాబట్టి దారిలోనే దాదాపు 3 వోల్టులు పోయాయి. 6 చదరపు ఎంఎం రాగి వైరు వేశాక సరిగ్గా పీల్చింది. ఈసారి బయటికి పోయింది ఆ మట్టితో వచ్చిన నీళ్లు మాత్రమే.

మిగిలిన పని ఒక్కటే. ఈ బ్యాటరీలను 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జింగ్ పెట్టకూడదు. రోహిణీకార్తెలో మన రేకుల షెడ్డు అంతకంటే కాలిపోతుంది. చార్జర్‌ను ఎండాకాలం లోపు సెల్లార్‌లోకి మార్చాలి. అందుకు ఒక కారు జాగా కావాలి. ఇవ్వగలిగినవాళ్లు ఆదివారం మీటింగులో చెప్పండి.

కార్యదర్శి