మోకాలి ఆపరేషన్ చేసి ఇంటికి పంపాక ఎవరిని అడగాలి?

సంపాదకుడు గారికి నమస్కారం.

మా అమ్మకు 66 ఏళ్లు, మదనపల్లెలో ఉంటుంది, పద్నాలుగేళ్లుగా షుగరు. మోకాళ్ల నొప్పితో బాత్రూమ్‌కి కూడా గోడ పట్టుకుని నడిచే స్థితికి వచ్చాక, నేను బెంగళూరు కె.ఆర్.పురంలోనే ఉన్నాను కదా అని ఇక్కడికి తీసుకొచ్చి కుడి మోకాలి కీలు మార్పిడి చేయించాం. మదనపల్లె, హిందూపురం, అనంతపురం వైపు వాళ్లకి పెద్ద ఆపరేషన్ అంటే బెంగళూరే. వార్డులో మా పక్క బెడ్డు వాళ్లది పెనుకొండ.

ఆపరేషన్ బాగానే జరిగింది. మర్నాడే వాకర్‌తో నిలబెట్టారు, ఐదో రోజు డిశ్చార్జి చేశారు. నేనుండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు, అందుకని కారులో నెమ్మదిగా మదనపల్లె తీసుకెళ్లి దించి వచ్చాను. పదకొండో రోజు అమ్మ ఫోన్ చేసి, కట్టు కింద అంచు తడిగా ఉందమ్మా, రూపాయి బిళ్లంత, టీ మరకలా ఉంది అంది. నొప్పి లేదు, జ్వరం లేదు. డిశ్చార్జి కాగితం తీసి చూశాను. నాలుగు పేజీలు, మొత్తం ఇంగ్లిష్‌లో. రెండు వారాల తర్వాత రమ్మని తప్ప ఇలా తడి కనిపిస్తే ఏం చేయాలో ఒక్క ముక్క లేదు. అందులో ఉన్న నంబరుకి చేస్తే రిసెప్షన్ వాళ్లు ఆరు రోజుల తర్వాత ఓపీకి టైమ్ ఇచ్చారు. అంతదాకా ఆగడమెందుకని అమ్మ ఊళ్లోనే చూపించుకుంటే, కుట్టు దగ్గర కొంచెం చీము పట్టిందని యాంటీబయాటిక్ బిళ్లలు ఇచ్చారు. తడి ఆరింది, మేమూ ఊపిరి పీల్చుకున్నాం. కుట్లు కూడా అక్కడే తీయించాం. బిళ్లలు ఆపిన వారానికి మళ్లీ తడి, మళ్లీ బిళ్లలు. ఏడో వారానికి మోకాలు వాచి, చెయ్యి పెడితే కాలుతున్నట్టు ఉంటే అప్పుడు పరిగెత్తుకొచ్చాం.

అప్పుడు డాక్టరు గారు ఓపిగ్గా చెప్పిన విషయాలు మాకు మొదటి రోజే తెలిసి ఉంటే ఎంత బాగుండేదో. కట్టు తడిసిందంటే ఆపరేషన్ చేసిన వాళ్లకే చూపించాలి. ఇన్ఫెక్షన్ లోపలికి దిగిందేమో అనుమానం వస్తే ముందు సూదితో కీల్లోంచి నీరు తీసి ల్యాబ్‌కి పంపాలి, అంతకుముందే యాంటీబయాటిక్ వేసేస్తే పరీక్షలో క్రిమి దొరక్కపోవచ్చు. మొదటి రోజుల్లోనే వస్తే మోకాలు తెరిచి, కడిగి, మధ్యలో ఉండే ప్లాస్టిక్ ముక్క ఒక్కటి మార్చి ఎముకలకు బిగించిన లోహాన్ని కాపాడుకునే అవకాశం ఉంటుంది. వారాలు గడిస్తే క్రిమి లోహం మీద పొర కట్టేస్తుంది, ఆ పొర లోపలికి మందు సరిగ్గా చేరదు. అమ్మకు అదే జరిగింది. రెండు వారాలు మందులన్నీ ఆపి పరీక్ష చేశారు, తర్వాత పెట్టిన లోహమంతా తీసేసి, ఆ ఖాళీలో తాత్కాలికంగా యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు దిమ్మ పెట్టారు. ఆరు వారాలు నరానికి ఇంజెక్షన్లు. మళ్లీ కొత్త కీలు పెట్టేసరికి మూడు నెలలు దాటింది. ఆ మూడు నెలలూ అమ్మ కాలు కర్రలా చాపుకుని మంచం మీదే ఉంది, దేవుడి గదిలోకి కూడా వెళ్లలేకపోయింది.

నేను ఆపరేషన్ చేసిన డాక్టరును తప్పు పట్టడం లేదు. మంచి ఆస్పత్రుల్లో కూడా వందలో ఒకరికో ఇద్దరికో ఇన్ఫెక్షన్ వస్తుంది, షుగరు అదుపులో లేకపోతే ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. నా బాధంతా మాకు చెప్పకపోవడం గురించే. అమ్మకు తెలుగు తప్ప రాదు, నర్సమ్మ మలయాళీ, ఫిజియోథెరపీ అబ్బాయి కన్నడలో రెండు మాటలు చెప్పి వెళ్లిపోయేవాడు. ఇంటికెళ్లాక మా పిన్ని ప్రేమకొద్దీ అమ్మ మోకాలి కింద మెత్తటి దిండు పెట్టేది. అది పెట్టకూడదట, కాలు అలాగే వంగి బిగుసుకుపోతుందట, పెడితే మడమ కింద పెట్టాలట. మాకెవరికి తెలుసు? పిక్క వాచి నొప్పి పెడితే రక్తం గడ్డ కట్టి ఉండొచ్చని, అది ఊపిరితిత్తులకి చేరితే ప్రాణం మీదికి వస్తుందని కూడా ఈ రెండో విడతలోనే విన్నాం. ఆయాసమో ఛాతీ నొప్పో వస్తే నిమిషం ఆగకూడదట.

2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్ల, అంటే లోపల పెట్టే కృత్రిమ కీళ్ల ధరలకు పరిమితి పెట్టింది. మామూలు కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పుడు జీఎస్టీ కాక 54,720 రూపాయలు. దానివల్ల మాలాంటి వాళ్లకి నిజంగా మేలు జరిగింది. అదే ఏడాది కర్ణాటకలో ప్రైవేటు ఆస్పత్రుల చట్టాన్ని సవరించి రోగుల హక్కుల పత్రం చేర్చారు. మరి ఇంటికి వెళ్లే మనిషికి తన భాషలో, పెద్ద అక్షరాల్లో ఒక్క పేజీ కాగితం ఇవ్వాలని కూడా పెట్టొచ్చు కదా? తెలుగు, కన్నడ, తమిళం, హిందీ, ఉర్దూ, ఏది కావాలంటే అది. రిసెప్షన్‌కి కాకుండా ఆపరేషన్ చేసిన బృందానికే తగిలే నంబరు ఒకటి ఉంటే, కట్టు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే డ్యూటీ డాక్టరు చూసి రమ్మనో వద్దనో చెబుతారు. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు. ఆరు వారాల ఫిజియోథెరపీని కూడా ప్యాకేజీలోనే కలపాలి. మేం విడిగా రోజుకింత అని కట్టుకున్నాం, డబ్బులు చాలక మధ్యలో మానేసిన వాళ్లు కూడా మాకు తెలుసు.

ఆస్పత్రులు ఎప్పుడు చేస్తాయో ఏమో, అంతదాకా మీరైనా మీ ఆరోగ్యం పేజీలో ఈ లక్షణాలు పెద్ద అక్షరాల్లో వేయండి సార్. కట్టు తడవడం, మోకాలు ఎర్రబడి వేడెక్కడం, తగ్గినట్టే తగ్గి నొప్పి పెరగడం, చలి జ్వరం, పిక్క వాపు, ఆయాసం. పెనుకొండ ఆవిడకు వచ్చే నెల రెండో మోకాలు చేస్తారట, కత్తిరించి ఆమెకు పంపుతాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కె.ఆర్.పురం, బెంగళూరు